ఒత్తుడు, తొక్కుడు

చైతన్యపురి,
9 అక్టోబరు 2011

చెల్లెలు ఆండాలుకు,

నీ ఫోను రెండు వారాలుగా మోగి మోగి ఆగిపోతోంది. మీ ఎల్లయ్యకు చేస్తే, "అమ్మగారింటికి చౌటుప్పల్ పోయింది మేడం, నాతోని గూడ సరిగ మాట్లాడుతలేదు" అన్నాడు. బస్ డిపో ముందు సమ్మె టెంటులో ఉన్నట్టున్నాడు, వెనక డప్పుల మోత. ఎక్కువ అడగలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. చదవకుండా చింపేస్తావేమోనని భయంగా ఉంది. చింపే ముందు ఒక్క వాక్యం చదువు. ఆ రోజు బండిలో ఏ లోపమూ లేదు, తప్పు నాది.

ఈ వాక్యం రాయడానికి నాకు పద్నాలుగు రోజులు పట్టింది. ఎమ్మే తెలుగు చదివి, ఇరవై ఏళ్ళుగా ఉద్యోగాల పరీక్షలు రాసేవాళ్ళకి వాక్యాలు దిద్దుతున్నదాన్ని. ఇది దిద్దబోతే కుదరలేదు. "తప్పు నాది కూడా" అని ఒకసారి రాసి కొట్టేశాను. "కొంతవరకు నాది" అని ఇంకోసారి. నా బుద్ధి నీకు తెలుసుగా, బయట గడియ పెట్టి కూడా నాలుగు మెట్లు దిగి మళ్ళీ ఎక్కి చూసి వస్తాను.

మొదటినుంచీ చెప్పుకుంటాను, కొంచెం ఓపిక పట్టు. ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగే సమ్మెతో కోచింగ్ సెంటర్ మూతపడి నేను ఖాళీగా కూర్చున్నప్పుడు, నాగోల్ దారిలో మిగిలిన ఆ నాలుగెకరాల్లో మీ బావ అంతయ్య గారు నాలుగు చక్రాల బండ్ల ట్రాక్ మొదలుపెట్టారు. బండ్లతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులో బోర్డుగా రాసిపెట్టమని నన్ను పిలిచారు. అక్కడ నువ్వు కనిపించావు. పెళ్ళైన కొత్తలోనే మీ మామ దగ్గర ట్రాక్టర్ నేర్చుకున్నదానివట. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఆ లావు టైర్ల బండిని ఒంటి చేత్తో మలుపుతున్నావు. దీన్ని ఏటీవీ అంటారని నేను పుస్తకం చూసి చెబితే, "ఏ టీవీ అక్కా? కలరా, బ్లాక్ అండ్ వైటా?" అన్నావు. ఆ రోజు నవ్వినంతగా నేను ఈ మధ్య నవ్వలేదు.

వారం రోజులు నువ్వు చేసి చూపిస్తుంటే నేను రాసుకున్నాను. స్కూటర్‌కైతే పిడికిలి తిప్పితే పోతుంది. దీనికి కుడిచేతి పిడి పక్కన చిన్న మీట, బొటనవేలితో కదిలించాలి. ఆపడానికి ఎడమ చేతికొక బ్రేకు, కుడి పాదం కింద ఒకటి. ఎక్కేముందు మీట తోసి వదిలితే దానంతట అదే టక్కున వెనక్కి రావాలి. గేరు వెయ్యకుండా, నిలిపే బ్రేకు బిగించి ఇంజను స్టార్టు చేసి, హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పాలి. తిప్పినప్పుడు ఇంజను చప్పుడు పెరిగిందంటే లోపలి తీగ బిగుసుకున్నట్టు, దానికి కాస్త వదులు ఇవ్వాలి. కొత్తవాళ్ళకి మీట ఎక్కువ దూరం పోకుండా పక్కనున్న మర లోపలికి తిప్పాలి. మణికట్టుకి కట్టిన ఎర్ర తాడు మనిషి పడితే ఊడి ఇంజను ఆపేయాలి. ఇవన్నీ నీ నోటి మాటలే. నేను వాటికి చక్కటి క్రియలు తగిలించానంతే.

అక్కడే జరిగింది, ఆండాలూ. నువ్వు మొదటి రోజు నుంచీ రెండు మాటలు అంటున్నావు. "ఒత్తుడు బొటనేలుది, తొక్కుడు కాలుది." నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరితో పాటలాగా అనిపించేదానివి. నేను రాసుకొచ్చిన చిత్తుప్రతిలో కూడా అవే ఉన్నాయి. బోర్డుకి శుభ్రప్రతి రాసేటప్పుడు ఎర్రపెన్ను తీసి రెండూ కొట్టేశాను. "కుడి బొటనవేలితో మీటను నొక్కండి. కుడి పాదంతో బ్రేకును నొక్కండి." నువ్వు బోర్డు చూసి, "గదేంది అక్కా, రెండూ నొక్కుడేనా?" అని అడిగావు. ఒత్తు అంటే మా పిల్లలకి అక్షరం కింద ఒత్తు గుర్తొస్తుంది, తొక్కడం బోర్డు మీద మొరటుగా ఉంటుంది అన్నాను. నువ్వు "సదువుకున్నోళ్ళు మీరు" అని ఊరుకున్నావు. ఆ ఊరుకోవడంలో ఏముందో నాకు అప్పుడే తెలిసి ఉండాలి. బయట రోడ్ల మీద ఏడాదిగా అదే కదా అంటున్నారు, మా మాటని మాట కాదన్నారని. రోజూ టీవీలో విని తలూపుతున్నాను. ఆ పనే నేను ఎర్రపెన్నుతో చేశాను, అదీ నీ ఎదుటే.

సెప్టెంబరు ఇరవై అయిదు, ఆదివారం. ఆడవాళ్ళ బ్యాచి. మా ఆడపడుచు వేదవతి వదిన సరదా పడి వచ్చింది. ట్రాక్ అటు చివర నువ్వు ఇంకొకావిడకి హెల్మెట్ పట్టీ బిగిస్తున్నావు. వదిన బండి మెల్లగా దారి తప్పి మట్టిదిబ్బ వైపు పోతోంది. దగ్గరున్నది నేను. బ్రేకు వెయ్యమని చెప్పాలి. నా నోటికి నేను రాసిన మాటే వచ్చింది. "వదినా, నొక్కు! నొక్కు!" అని అరిచాను. వదిన నొక్కింది. పాదంతో కాదు, బొటనవేలితో. నేను అరిచిన కొద్దీ గట్టిగా నొక్కింది. బండి దిబ్బ ఎక్కి పక్కకి ఒరిగింది. నువ్వు కట్టిన ఎర్ర తాడు ఊడి ఇంజను ఆగింది కాబట్టి, నువ్వు మర లోపలికి తిప్పి వేగం తగ్గించావు కాబట్టి, వదినకి జబ్బ ఎముక విరగడంతోనే పోయింది.

సాయంత్రం మీ బావ వాకిట్లో మావారు మల్లికార్జునరావు గారు అన్న మాటలు నువ్వు విన్నావు. మీట ఇరుక్కుపోయిందని, చూడకుండా బండి ఇచ్చావని, ఈ రోజుల్లో ఎవరి మనసులో ఏముందో ఎవరికి తెలుసని. అంతయ్య గారు నావైపు తిరిగి, పొద్దున ఆండాలు బండి చూసిందా అమ్మా అని అడిగారు. నాకు సరిగా కనపడలేదన్నాను. కంగారులో అన్నాను. నువ్వు నన్ను ఒకసారి చూసి, మణికట్టు నుంచి బండ్ల తాళంచెవి తాడు విప్పి మీ బావ ముందు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయావు.

వచ్చే ఆదివారం మీ బావ దగ్గరికి వెళ్ళి ఆ "నొక్కు" సంగతి చెప్పేస్తాను. మావారిని కూడా తీసుకెళతాను. నీ తాళంచెవి నీకు ఇప్పించే వరకు ఊరుకోను. ఈ మాట అన్నాక కూడా లోపల ఏదో పీకుతోంది. అయినా వెళతాను.

నీ అక్క అనిపించుకోవాలని ఉన్న
ఉదయలక్ష్మి


చైతన్యపురి,
17 అక్టోబరు 2011

ఆండాలూ,

అమ్మ ఎలా ఉన్నారు? నా ఉత్తరం అందిందో లేదో తెలియదు. అందిందనే అనుకుని రాస్తున్నాను, ఎందుకంటే నిన్న గెలిచాను.

ముందు వదిన దగ్గరికి వెళ్ళాను. చెయ్యి మెడకి కట్టుకుని సీరియల్ చూస్తోంది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టే లోపలే, "నాకు తెలుసులేవే. నువ్వు నొక్కమన్నావు, నేను నొక్కాను. ఎంత నొక్కితే అంత పోయింది. తమ్ముడి ముందు నిన్ను అనడం ఎందుకని ఊరుకున్నాను" అంది. పద్నాలుగేళ్ళుగా ఉప్పు ఎక్కువైందని సాధించే మనిషి, ఎముక విరిగితే నా పరువు కాచింది. నా పరువు కాచావు సరే, ఆండాలు పని పోయింది కదా వదినా అన్నాను. ఆవిడ టీవీ ఆపేసింది. "ఆ అమ్మాయే కదూ, నన్ను ఆటో వరకు ఎత్తుకుని మోసింది" అంది.

నిన్న పొద్దున మావారిని ట్రాక్‌కి తీసుకెళ్ళాను. బస్సులు లేవు, షేర్ ఆటోలు ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకానే. అక్కడ రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు, అడుగు సందు లేదు. ఒక పెద్దాయన మా ఇద్దరికీ ఆకుల్లో పులిహోర పెట్టాడు. మావారి మాట వింటే ఎవరో, ఎక్కడివారో తెలిసిపోతుంది కదా, అందుకని ఆయన నోరు విప్పకుండా తలూపి తిన్నారు. తిన్నాక మాత్రం, బాగుందని చెప్పమని నాతో చెప్పించారు. అక్కడినుంచి ఎండలో నడక.

మీ బావ అంతా విని నవ్వారు. "మాటకు బొక్కలు ఇరుగుతయా అమ్మా?" అన్నారు. మావారూ అదే పాట. బండి సంగతి దాచడానికి నేను కథ అల్లుతున్నానని ఆయన ఉద్దేశం. అప్పుడు నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో తెలియదు. మీరు ఎక్కి కూర్చోండి అన్నాను మావారితో. బ్యాంకులో పాతికేళ్ళ సర్వీసున్న మనిషి, బండి మీద పరీక్ష రాయబోయే కుర్రాడిలా కూర్చున్నారు. నువ్వు నేర్పినట్టే చేశాను. గేరు లేదు, నిలిపే బ్రేకు బిగించాను, చక్రాల ముందూ వెనకా రాళ్ళు పెట్టాను. బోర్డు పైకి చదివించాను, రెండుసార్లు. తర్వాత ఇంజను స్టార్టు చేసి, వేగంగా పోతున్నారనుకోండి, ఎదురుగా దిబ్బ ఉందనుకోండి అని చెప్పి, మధ్యలో మాట మార్చి కరెంటు బిల్లు కట్టారా అని అడిగాను. ఆయన జవాబు చెప్పబోతుండగా చెవి దగ్గర "నొక్కండి!" అని అరిచాను.

ఇంజను రంకె వేసింది. ఆయన బొటనవేలు మీటని చివరిదాకా తోసేసి ఉంది. కుడి పాదం కదలనేలేదు. తన చేతిని తనే చూసుకున్నారు, ఎవరిదో చెయ్యి అక్కడ పెట్టినట్టు.

రెండోసారి అలాగే మాటల్లో పెట్టి "తొక్కండి!" అన్నాను. పాదం పడింది. బొటనవేలు కదల్లేదు.

మీ బావ నవ్వడం మానేశారు. లేచి వెళ్ళి బోర్డు ముందు నిలబడి పెదాలు కదుపుతూ చదువుకున్నారు. "గింత ఉన్నదా గిందుల" అన్నారు. లోపలికెళ్ళి నీ తాళంచెవి తాడు తెచ్చి బోర్డు పక్కన మేకుకి తగిలించారు. ఇది ఆండాలుది, వచ్చి తీసుకొమ్మను, అప్పటిదాకా బండ్లు కదలవు అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు మావారు, సరే, మాట వల్లే అయిందనుకుందాం, అయినా ఆవిడ పొద్దున బండి చూసిందని ఎవరు చెప్పొచ్చారు అని గొణిగారు. అప్పటికే ఎండ ఎక్కువైంది, వాదించే ఓపిక లేక వదిలేశాను. అసలు సంగతి తేలిపోయింది కదా.

కొత్త బోర్డుకి చిత్తుప్రతి ఇందులో పెడుతున్నాను. ఎర్రపెన్ను కూడా. ఈసారి దిద్దేది నువ్వు. కింద చివరి వాక్యం నేను ఆలోచించి రాశాను: "ఇంతకు ముందు ఈ బోర్డు మీద తప్పు మాట రాసినది ఉదయలక్ష్మి." పెయింటరుకి అదే పరిమాణంలో రాయమని చెబుతాను. ఎప్పుడొస్తావో ఒక కార్డు ముక్క రాయి.

నీ రాక కోసం గేటు వైపు చూస్తూ
ఉదయలక్ష్మి


చైతన్యపురి,
10 నవంబరు 2011

ఆండాలూ,

నీ కవరు వచ్చి పది రోజులైంది. వెంటనే జవాబు రాయలేదు. రాసే అర్హత సంపాదించుకుని రాద్దామని.

కవరు విప్పినప్పుడు చిత్తుప్రతి చూసి సంతోషపడ్డాను. "నొక్కండి" రెండు చోట్లా కొట్టేసి ఒకచోట ఒత్తాలె, ఒకచోట తొక్కాలె అని రాశావు. పక్కన నా బుర్రకి తట్టనిది ఇంకొకటి చేర్చావు: "భయమైతే ముందుగాల బొటనేలు లేపాలె. తర్వాత తొక్కాలె." ఇరవై ఏళ్ళలో ఇంత మంచి వాక్యం నా విద్యార్థులెవరూ రాయలేదు, నేనూ రాయలేదు. చివర నా పేరున్న వాక్యం మీద మాత్రం పెన్ను అటూ ఇటూ గీసి కాగితం చిరిగేలా కొట్టేశావు. కింద రాసింది ఎన్నిసార్లు చదివానో. నాకు కంఠతా వచ్చేసింది, అయినా మళ్ళీ ఇక్కడ రాసుకుంటున్నాను.

"అక్కా, గిది బోర్డు, నువ్వు మొక్కు చెల్లించుకునే గుడి గాదు. నొక్కు అన్నది నోట్లకెల్లి జారింది, గది ఎవరికైనా జారుతది. మీ వదిన పడ్డప్పుడే నాకు ఎరికైంది, నేను ఏమన్నన్నా? మా బావ అడిగినప్పుడు కనవడలే అంటివి. గది జారింది గాదు. కంగారు అని రాసినవ్. కంగారు మీ వదినది, బండి మీదున్నది ఆమె. నువ్వు నేల మీదున్నవ్. రెండు ఉత్తరాలల్ల మాట గురించి శానా మంచిగ రాసినవ్. నేను ఒక్కటే అడుగుత. ఆ పొద్దు నీకు కనవడ్డదా, లేదా?"

కింద సంతకం కూడా లేదు.

మంచం మీద కూర్చుండిపోయాను. నేను పద్నాలుగు రోజులు తపస్సు చేసి ఒప్పుకున్నది నా తేలికైన తప్పు. అందులో నాకు కొంచెం గొప్ప కూడా ఉంది. ఒక్క క్రియాపదం మనిషిని ఎలా పడగొట్టిందో కనిపెట్టాను, నిరూపించాను, ఒప్పించాను. రెండో తప్పుకి క్రియలూ పదాలూ లేవు. ఆ వాకిట్లో మావారు నావైపు చూస్తున్నారు. బండి బాగానే ఉందని చెబితే మరి వదిన ఎలా పడిందని అడుగుతారు, నా అరుపు బయటికి వస్తుంది. అంతేకాదు. ఆ రోజుల్లో మీవాళ్ళ వైపు మాట్లాడిన మనిషిని అవుతానేమోనని కూడా ఒక పిరికి ఆలోచన. నీ పేరు పోతే పోనీ, నా ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను. అనుకోవడానికి అర నిమిషం కూడా పట్టలేదు. గడియ నాలుగుసార్లు చూసుకునే మనిషికి ఆ రోజు ఏ అనుమానమూ రాలేదు.

మొన్న ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి మావారిని రమ్మనలేదు, ఆయనే వచ్చారు. వదినని ఆటోలో కూర్చోబెట్టుకుని తెచ్చాను. ఆ సాయంత్రం వాకిట్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఉండాలని మీ బావని అడిగాను, మీ ఎల్లయ్యనీ, ఎదురింటి సీతారాములు గారినీ కూడా పిలిపించారు. సమ్మె విరమించారు కాబట్టి ఎల్లయ్య డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. ఆ అరుగు దగ్గరే నిలబడ్డాను. నిరూపణలేవీ పెట్టుకోలేదు. పొద్దున తొమ్మిదికి ఆండాలు బండి మొత్తం చూసింది, నేను పక్కనే ఉండి చూశాను, అడిగినప్పుడు కనపడలేదని అబద్ధం చెప్పాను అన్నాను. మూడు ముక్కలే.

సీతారాములు గారు గ్లాసులో టీ అలాగే పట్టుకుని కూర్చున్నారు. ఎల్లయ్య మాత్రం, "పదిహేను దినాలు అన్నం సరిగ తినలే మేడం ఆమె" అన్నాడు. మీ బావ రోజూ బండి చూసి రాసే పుస్తకం తెమ్మన్నారు. సెప్టెంబరు ఇరవై అయిదు పేజీలో నీ టిక్కులన్నీ ఉన్నాయి, మీట, హ్యాండిల్, మర, తాడు, చక్రాల గాలి. చూసినవారు అన్న చోట నీ సంతకం. పక్కన సాక్షి అన్న గడి ఖాళీగా ఉంది. ఆ రోజు నేనే పెట్టాలి, తర్వాత పెడదామని వెళ్ళిపోయాను. ఆ పుస్తకం అన్నాళ్ళూ ఆఫీసు గదిలో మేజా మీదే ఉంది, ఎవరూ తెరిచి చూడలేదు. ఆ గడిలో సంతకం చేసి, దొంగతనంగా ఉండకూడదని, పాత తేదీ కాకుండా ఆ ఆదివారం తేదీయే వేశాను.

మావారు ఇంటికి వచ్చి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు. ఇవాళ పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ, అద్దంలో చూస్తూ, "చౌటుప్పల్ బస్సులు తిరుగుతున్నాయా?" అని అడిగారు. తిరుగుతున్నాయన్నాను. ఆదివారం అయితే రద్దీ తక్కువేమో అన్నారు. అంతే. ఆయన దగ్గర ఇంతకంటే పెద్ద వాక్యం నేను ఎదురుచూడను. నువ్వు తలుపు తీస్తావో తీయవో అది నీ ఇష్టం. తీయకపోయినా వస్తాం.

తాళంచెవి మేకుకే ఉంది. బోర్డు మీద పాత రాతలు తుడిపించాను, కొత్తవి నువ్వు చెబితేనే పెయింటరు బ్రష్ పట్టుకుంటాడు.

ఇక నువ్వు అడిగిన ఒక్కటీ. కనపడింది, ఆండాలూ. నువ్వు పచ్చ చీర కట్టుకున్నావు. గేరు తీసి, నిలిపే బ్రేకు బిగించావు. మీట తోసి వదిలావు, టక్కుమని వెనక్కి వచ్చింది, ఇంకోసారి కూడా తోశావు. హ్యాండిల్ ఎడమ చివరికి తిప్పి, కళ్ళు మూసుకుని, చెవి ఇంజను వైపు వంచి విన్నావు. కుడి చివరికి తిప్పి మళ్ళీ విన్నావు. చప్పుడు పెరగలేదు. మర లోపలికి తిప్పావు. వదిన మణికట్టుకి తాడు కట్టి, ముడి గట్టిగా ఉందా అని లాగి చూశావు. నువ్వు చూస్తున్నంతసేపూ నేను నీ పక్కనే ఉన్నాను.

ఆ పొద్దున చూసిన మనిషి,
ఉదయలక్ష్మి